ఇంట ఓడి రచ్చ ఓడటం ఎలా?

ఇంటి యోగాకీ స్టూడియో క్లాసుకీ పొత్తు కుదర్చాలనుకునే వారికి కొన్ని చిట్కాలు

ఇంట్లో సొంతంగా యోగా చేసుకుంటూ, వారానికి రెండు రోజులు స్టూడియోకి కూడా వెళ్దామనుకుంటున్నారా? మంచి ఆలోచనే. కానీ ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. ఏమరుపాటుగా ఉన్నారంటే ఆ రెండూ ఒకదానికొకటి తోడైపోతాయి. కొన్ని నెలలు తిరిగేసరికి నడుం వంగుతుంది, మోకాళ్లు మాట వింటాయి, పక్క మీద వాలగానే నిద్ర పడుతుంది. ఆ తరవాత "యోగా మొదలెట్టాలండీ, టైమే కుదరట్లేదు" అనుకునే సుఖం జన్మలో దొరకదు.

అలాంటి నష్టం జరక్కుండా కాపాడటానికే ఈ చిట్కాలు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో ఎందరో మహానుభావులు తు.చ. తప్పకుండా పాటించి ఫలితం చూసినవే ఇవన్నీ. అన్నిటికీ మూలం ఒక్కటే. ఇంటి సాధననీ క్లాసునీ ఎట్టి పరిస్థితుల్లోనూ ఒకదానికొకటి పరిచయం చెయ్యకండి.

1. ముందు డబ్బు కట్టండి, ఆలోచన తరవాత

స్టూడియోలో చేరడానికి ముహూర్తాలు మూడు. జనవరి 1, ఉగాది, జూన్ 21. వీటిలో మూడోది శ్రేష్ఠం. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో తీర్మానం చేశాక, 2015 నుంచి ఏటా ఆ రోజున అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతోంది. 2025లో మన విశాఖ తీరానికే ప్రధాని వచ్చి ఆసనాలు వేశారు, ఆయనతో పాటు లక్షల మంది వేశారు. ఆ ఊపు చల్లారకముందే, అంటే 21వ తేదీ సాయంత్రమే, ఏడాది ప్యాకేజీ తీసేసుకోండి. నెలనెలా కట్టేదానికంటే ఎంత చవకో కౌంటర్లో అమ్మాయి లెక్కేసి చూపిస్తుంది. వెళ్లిన రోజుకి ఎంత పడుతుందన్న లెక్క మాత్రం మీరు వెయ్యకండి. జూన్ 22న ఏం చెయ్యాలో ఏ తీర్మానంలోనూ లేదు.

చేరేముందు ఒక క్లాసు ఊరికే చూడమంటారు. వద్దనండి. చూశారంటే బ్యాచిలో ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది. టీచర్ ముందు నిలబడి తన ఆసనాలు తాను వేసుకుంటున్నారో, మధ్యలో తిరుగుతూ ఒక్కొక్కరినీ చూస్తున్నారో కూడా తెలిసిపోతుంది. ఇవన్నీ మనకి అక్కర్లేని సంగతులు. ఏసీ ఉందా, కారు పెట్టుకునే చోటుందా, కింద కాఫీ దొరుకుతుందా అని అడిగితే చాలు. స్టూడియో అటు ఇంటికీ ఇటు ఆఫీసుకీ కూడా దూరంగా ఉంటే మరీ మంచిది. కూకట్‌పల్లిలో ఇల్లు, మాదాపూర్‌లో ఆఫీసు ఉన్నవారు సికింద్రాబాద్‌లో చేరవచ్చు.

2. రెండు వాక్యాలు కంఠస్థం చెయ్యండి

ఒకటి, "సాయంత్రం క్లాసుంది కదా, పొద్దున్నే ఇంట్లో ఎందుకు?" రెండు, "ఇంట్లో చేసుకోవచ్చు కదా, ఈ ట్రాఫిక్‌లో పడి క్లాసుకెందుకు?" మొదటి వాక్యాన్ని ఉదయం ఐదున్నరకి అలారం మోగినప్పుడు, రెండోదాన్ని సాయంత్రం ఐదున్నరకి ఆఫీసు లిఫ్టు దగ్గర వాడాలి. వేళలు తారుమారు చేస్తే పనిచెయ్యవు. సరిగ్గా వాడుకుంటే మాత్రం ఏడాది ప్యాకేజీ ఏడాదీ చెక్కు చెదరకుండా ఉంటుంది.

కొందరు అతితెలివి గలవారు మిమ్మల్ని తప్పుదారి పట్టించవచ్చు. "మంగళ, శుక్రవారాలు క్లాసు. మిగతా రోజుల్లో పళ్లు తోముకోగానే ఇంట్లో పావుగంట" అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించమంటారు. పొరపాటున కూడా అంటించకండి. ఏ రోజు ఏది చెయ్యాలో ముందే తెలిసిపోతే రోజూ లేచి తర్జనభర్జన పడే అవకాశం ఎక్కడిది? పైగా పావుగంట చేస్తే యోగా అవుతుందా? చేస్తే గంటన్నర చెయ్యాలి, లేదా అసలు చెయ్యకూడదు. ఆ నియమం గట్టిగా పట్టుకుంటే రెండోది దానంతటదే జరిగిపోతుంది.

3. కుటీరం దొరికేదాకా ఆగండి

సాధన చేసే చోటు ఎలా ఉండాలో 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు చెప్పి ఉన్నాడు. చిన్న గది, చిన్న ద్వారం, కిటికీలు ఉండకూడదు, ఆవుపేడతో అలికి ఉండాలి, పురుగూ పుట్రా చేరకూడదు. బయట ఒక మండపం, బావి, చుట్టూ ప్రహరీ ఉండాలి. మీ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో ఇవేవీ లేవు కాబట్టి, అవి అమరేదాకా ఇంటి సాధన వాయిదా వెయ్యడం శాస్త్రసమ్మతం.

అంత ఓపిక లేనివారు హాల్లో, సోఫాకీ టీవీకీ మధ్య మ్యాటు పరవండి. వేళ కూడా చూసి ఎంచుకోవాలి. పిల్లల స్కూలు బస్సుకి ముప్పావుగంట ముందైతే బాగుంటుంది. భుజంగాసనంలో తల పైకెత్తగానే చిన్నాడు గుర్రమనుకుని వీపెక్కుతాడు. వంటింట్లోంచి "ఏమండీ, కుక్కరు ఎన్ని కూతలు వేసింది?" అని వినిపిస్తుంది. మీరు బోర్లా పడుకునే "మూడు" అని చెప్పాలి. ఊపిరి పీలుస్తూ చెప్పాలా, వదులుతూ చెప్పాలా అన్నది మీ ఇష్టం. ఈలోగా కాలింగ్ బెల్లు మోగుతుంది. వాటర్ క్యాన్ల అబ్బాయి వచ్చి, మీరు అధోముఖ శ్వానాసనంలో ఉండగా మీ కాళ్ల మధ్యనుంచి చిల్లర అడుగుతాడు. "ఇంట్లో కుదరదండీ" అని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పడకగదిలో మంచం పక్కన ఆరడుగుల చోటు ఉంది, దానికి తలుపూ గడియా కూడా ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తకుండా చూసుకోండి.

4. క్లాసులో పక్కవారిని చూడండి

టీచర్ని చూడటానికి యూట్యూబ్ ఉండనే ఉంది. క్లాసుకి వెళ్లేది పక్కవారిని చూడటానికి. మొదటి వరసలో అరచెయ్యి నేలకి పూర్తిగా ఆనించి త్రికోణాసనం వేసే ఆవిడ ఒకరు ఎలాగూ ఉంటారు. ఆవిడ వెనకే చోటు పట్టండి. మీ చెయ్యి మోకాలి కింద ఆగిపోతుంది. అయినా ఆగకండి. నడుం తిరిగిపోయినా, ఛాతీ నేలవైపు వాలిపోయినా, ముందు మోకాలు వెనక్కి విరుచుకున్నా సరే, వేళ్లు నేలకి తగలాల్సిందే.

ఈలోగా టీచర్ వచ్చి మీ చేతికింద బ్లాకు పెట్టి, "మేడమ్, నేల కోసం తొందరపడకండి. ముందు ఈ భుజం వెనక్కి తిప్పండి. మోకాలు కొంచెం వదులు చెయ్యండి" అంటారు. అన్నట్టే చేస్తే నడుం పక్కన ఎప్పుడూ ఎరగని చోట సాగుతుంది, ఊపిరి హాయిగా ఆడుతుంది. ప్రమాదం అక్కడే ఉంది. టీచర్ అటు తిరగ్గానే కాలితో బ్లాకుని పక్కకి తోసెయ్యండి. బ్లాకు ముసలివాళ్లకి. మీకు పరువుంది.

శవాసనం దాకా ఉండకండి. అప్పటిదాకా చేసినదంతా ఒంటికి ఇంకేది ఆ చివరి ఐదు పది నిమిషాల్లోనే. అదే సమయంలో లేస్తే పార్కింగులోంచి కారు సులువుగా తీసుకోవచ్చు. రెంటిలో ఏది ముఖ్యమో మీకే తెలుసు. పడుకుని ఉన్నవారి తలల మీదుగా నడుస్తూ తాళాలు గలగలలాడించడం మరవకండి.

5. దిద్దిన తప్పుని క్లాసులోనే వదిలేసి రండి

ఇది అన్నిటిలోకీ ముఖ్యమైన చిట్కా. మిగిలినవన్నీ మరిచినా ఇది మరవకండి.

చతురంగ దండాసనంలో మీ మోచేతులు రెండూ పక్కలకి విచ్చుకుంటున్నాయని, భుజాలు మోచేతుల కంటే కిందికి జారుతున్నాయని టీచర్ పట్టుకున్నారనుకోండి. మోచేతులు పక్కటెముకలకి దగ్గరగా పెట్టమని, బలం చాలకపోతే మోకాళ్లు నేలకి ఆనించమని చెప్పారు. చెప్పినప్పుడు "ఓకే మేడమ్" అనండి. ఇంటికి వచ్చాక పుస్తకంలో రాసుకోకండి, మర్నాడు తలుచుకోకండి. ఇంట్లో పాత పద్ధతిలోనే, వేగంగా, ఇరవై సార్లు చెయ్యండి. వచ్చే వారం క్లాసులో ఆవిడ మళ్లీ అదే మాట చెబుతారు. మీరు మళ్లీ "ఓకే మేడమ్" అనండి. ఇలా సాగినంత కాలం క్లాసు పని క్లాసుది, ఇంటి పని ఇంటిది, భుజం నొప్పి మీది.

ఈ రెంటినీ కలిపేసిన చరిత్ర ఒకటుంది. అది తెలియకుండా ఉంటేనే మేలు కాబట్టి, తెలిసినా మరిచిపోవడానికి వీలుగా క్లుప్తంగా చెబుతాను. 1930లలో మైసూరు జగన్మోహన ప్యాలెస్ యోగశాలలో తిరుమలై కృష్ణమాచార్య (1888–1989) పాఠం చెప్పేవారు. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ (1915–2009) స్థిరపరిచిన మైసూరు పద్ధతిలో హాలు నిండా జనం ఉంటారు గానీ, అందరూ కలిసి ఒకే ఆసనం వెయ్యరు. ఎవరి వరస వారికి కంఠస్థం, ఎవరి ఊపిరి వేగం వారిది. గురువు వారి మధ్య తిరుగుతూ కావలసిన చోట చెయ్యి వేసి సర్దుతారు. ఉన్నది కుదురుకున్నాకే కొత్తది ఇస్తారు. అంటే నలుగురి మధ్యా ఉంటూనే ఎవరి సాధన వారు చేసుకుంటారన్నమాట. అలా నేర్చుకున్నవాడు ఊరెళ్లినా, క్లాసు మూతపడినా, మ్యాటు పరిచి మొదలెట్టేస్తాడు. అతడికి సాకులు దొరకవు, పాపం.

కృష్ణమాచార్య ఆ తరవాత మద్రాసుకి మారారు. అక్కడ ఆయన కుమారుడు దేశికాచార్ (1938–2016) పద్ధతి ఇంకా ప్రమాదకరం. మనిషి వయసు, ఒళ్లు, ఉద్యోగం, తీరిక చూసి, ఇంట్లో రోజూ చేసుకోవడానికి వీలైన చిన్న వరస ఒకటి అల్లి ఇస్తారు. కొన్నాళ్లకి మళ్లీ వెళ్తే ఎలా సాగుతోందో చూసి మార్పులు చేస్తారు. ఆ లెక్కన గురువు దగ్గరికి వెళ్లేదే ఇంట్లో చేసుకోవడానికి. ఇలాంటివి ప్రచారంలోకి వస్తే ఏడాది ప్యాకేజీల గతేమిటి?

6. కష్టమైనవన్నీ ఇంట్లో, ఒంటరిగా

తాడాసనం, మార్జాలాసనం లాంటివి క్లాసులో చెయ్యండి. శీర్షాసనం మాత్రం ఎవరూ చూడని వేళ, ఇంట్లో, మొదటిసారిగా ప్రయత్నించండి. గోడ దగ్గరికి వెళ్లకండి. టీపాయ్ పక్కన అయితే పడేటప్పుడు పట్టుకోవడానికి ఆసరా ఉంటుంది. రక్తపోటు ఎక్కువున్నవారు, గ్లకోమా ఉన్నవారు, మెడ ఎముకల బాధ ఉన్నవారు తలకిందులుగా నిలబడకూడదని, ఆ భంగిమలో కంటిలోపల ఒత్తిడి పెరుగుతుందని టీచర్లు జాగ్రత్తలు చెబుతారు. అందుకే వాళ్లకి తెలియనివ్వకూడదు. చేరేటప్పుడు ఇచ్చే ఫారంలో "ఆరోగ్య సమస్యలు" అన్న గడిలో "లేవు" అని రాసి సంతకం పెట్టెయ్యండి. బీపీ మాత్ర వేసుకోవడం, సంతకం పెట్టడం రెండూ వేర్వేరు పనులు.

7. సామాను కొన్నాకే సాధన

ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. కొత్త మద్దెల కొనమని వాళ్లు చెప్పలేకపోయారు గానీ, మీరు కొనండి. క్లాసుకొక మ్యాటు, ఇంటికొక మ్యాటు, ఊళ్లకి తీసుకెళ్లడానికి మడత మ్యాటు. ఆపైన బ్లాకులు, బెల్టు, బోల్‌స్టరు, రాగి సీసా. పుణె గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) కుర్చీ, దుప్పటి, గోడ, తాడు, పట్టీలాంటి వాటితోనే ఎన్నో ఆసనాలని సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చారని ఎవరైనా అంటే నమ్మినట్టు కనిపించకండి. పశ్చిమోత్తానాసనంలో వెన్ను గూనిలా వంగిపోతోందా? నాలుగు మడతలేసిన దుప్పటి మీద కూర్చుంటే నడుం నిటారుగా లేస్తుంది. పాదాలు అందకపోతే పాత చున్నీ వేసి పట్టుకోవచ్చు. దుప్పటీ చున్నీ ఇంట్లోనే ఉంటాయి, వాటికి బిల్లుండదు, ఫొటోలో బాగోవు. కాబట్టి వద్దు.

8. ఆరు నియమాలూ పాటించండి

సాధనని చెడగొట్టేవి ఆరని హఠయోగ ప్రదీపిక లెక్క చెప్పింది. అతిగా తినడం, అతిగా శ్రమించడం, అతిగా మాట్లాడటం, నియమాల మీద మొండిపట్టు, జనసాంగత్యం, నిలకడలేమి. ఇంత చక్కని జాబితా చేతికందాక దాన్ని వృథా పోనివ్వకూడదు. క్లాసయ్యాక కింద టిఫిన్ సెంటర్లో నెయ్యి కారం దోసెతో మొదటిది పూర్తవుతుంది. నాలుగు రోజులు మానేసి ఐదో రోజు నూట ఎనిమిది సూర్యనమస్కారాలు చేస్తే రెండోది. మూడోదీ ఐదోదీ బ్యాచి వాట్సాప్ గ్రూపులో ఉదయం ఐదు నుంచే జరుగుతుంటాయి. శుభోదయాలకి జవాబులిచ్చేసరికి క్లాసు టైము దాటిపోతుంది. మ్యాటు తూర్పుకి తిరగలేదని ఆ రోజు మానేస్తే నాలుగోది. ఈ నెల పవర్ యోగా, వచ్చే నెల ఏరియల్ యోగా, ఆపై నెల జుంబా అయితే ఆరోది.

పతంజలి మూడే అడిగాడు. చాలాకాలం చెయ్యాలి, ఎడతెగకుండా చెయ్యాలి, ఆదరంతో చెయ్యాలి. వీటిని కూడా తలా ఒకచోట సర్దుబాటు చెయ్యవచ్చు. చాలాకాలానికి ఏడాది ప్యాకేజీ ఉంది. ఎడతెగకుండా యూట్యూబ్‌లో వీడియోలు వస్తుంటాయి. ఆదరంతో మ్యాటుకి దసరానాడు పసుపు కుంకుమ పెట్టండి.

నమూనా వారం

సోమవారం: ఉదయం క్లాసు. ఆదివారం రాత్రి బిర్యానీ ఇంకా అరగలేదు. ఖాళీ కడుపుతో చెయ్యాలని శాస్త్రం. శాస్త్రాన్ని గౌరవించి మానెయ్యండి.

మంగళవారం: ఇంట్లో సాధన. మంగళవారం కొత్త పని మొదలెట్టకూడదు.

బుధవారం: క్లాసు. ఈ రోజు తప్పకుండా వెళ్లండి. సోమ, మంగళ బాకీలు కూడా కలిపి చెయ్యండి.

గురువారం: ఒళ్లు నొప్పులు.

శుక్రవారం: ఇంట్లో. తలంటు, పూజ, ఆఫీసులో డెడ్‌లైన్.

శనివారం: మైసూరు సంప్రదాయంలో శనివారం విశ్రాంతి, అమావాస్యకీ పౌర్ణమికీ సెలవు. ఆ సంప్రదాయంలో మిగతావేవీ పాటించకపోయినా దీన్ని నిష్ఠగా పాటించండి.

ఆదివారం: వచ్చే వారానికి సంకల్పం. రాత్రికి బిర్యానీ.

సందేహాలు, సమాధానాలు

"ఇంట్లో మ్యాటు పరిచాక ఏం చెయ్యాలో తోచదు. ఏం చెయ్యమంటారు?"
తోచకుండా కూర్చోవడమే మంచిది. పొరపాటున మీ టీచర్ని అడిగేరు. "మొన్న చేసినవాటిలో ఈ నాలుగు చాలు, ఆఖర్న ఐదు నిమిషాలు పడుకోండి" అని మీ నడుముకి సరిపడేవి చెప్పేస్తారు. ఇక చేసి తీరాలి.

"సాగేటప్పుడు కండలో లాగుతున్న నొప్పి ఏదో, కీల్లో పొడుస్తున్న నొప్పి ఏదో తేడా తెలియట్లేదు."
తెలిస్తే రెండోది రాగానే ఆపెయ్యాల్సి వస్తుంది. క్లాసులో నొప్పి వస్తే ఇంటి పరుపుని, ఇంట్లో వస్తే క్లాసులో టీచర్ని తిట్టుకోండి. డాక్టర్ దగ్గరికి మాత్రం నడవలేకపోయాకే వెళ్లండి.

"మా అత్తగారు రోజూ పొద్దున్నే బాల్కనీలో కుర్చీ వేసుకుని ఇరవై నిమిషాలు చేస్తారు. నెలకోసారి మాతో క్లాసుకి వచ్చి తప్పులు దిద్దించుకుంటారు. నాకంటే బాగా వంగుతున్నారు."
ఆవిడ ప్యాకేజీ తీసుకోలేదు. లెక్కలోకి రారు.

ప్రమాద సూచనలు

ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరికి ఇది అంటుకుంటుంది. క్లాసులో నేర్చిన ఆసనం మర్నాడు ఉదయం ఇంట్లో దానంతటదే గుర్తుకొస్తుంది. ఇంట్లో చేస్తున్నప్పుడు ఎక్కడో పట్టేస్తే, ఆ ప్రశ్న పట్టుకుని క్లాసుకి వెళ్లాలనిపిస్తుంది. క్లాసు తప్పినరోజు బాధ ఉండదు, ఇంట్లో కుదరని రోజు అపరాధభావం ఉండదు. ఏ రోజు ఏది వీలైతే అది జరిగిపోతుంటుంది. వీరికి మన చిట్కాలేవీ పనిచెయ్యవు.

అలాంటివారిని పెళ్లిళ్లలో సులువుగా గుర్తుపట్టవచ్చు. కుర్చీల బంతి ఖాళీగా ఉన్నా వెళ్లి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పెరుగన్నం దాకా స్థిమితంగా తిని, చెయ్యి నేలకి ఆనించకుండానే లేచి వెళ్లిపోతారు. వాళ్ల పక్క విస్తరి ముందు మాత్రం కూర్చోకండి. మీరు లేచేటప్పుడు నలుగురు సాయం పట్టాలి, అందరూ చూస్తారు.